1.9 తర్వాత 1.10

ఎవరి ప్రోగ్రామ్‌లోనైనా తప్పు పట్టనిదే రంజనికి ఆ పూట అన్నం సహించదని పురసవాక్కంలోని ఆ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో అందరూ అనేవారు. శ్యామ్ మాత్రం అనేవాడు కాదు. ఆరు నెలలుగా ఆమెను ప్రేమిస్తున్నాడు. ఆ మాటా పైకి అనలేదు.

1997 నవంబరు. బయట ఒకటే వాన. తన పెర్ల్ స్క్రిప్ట్ ఇచ్చిన జాబితా మళ్లీ చూసుకుంటే శ్యామ్‌కి తప్పు కనబడింది. గోడౌను లెక్కల ప్రోగ్రామ్ వెర్షన్లన్నీ వరసలో పెట్టి, అన్నిటికంటే కొత్తదాన్ని ఫ్లాపీలోకి ఎక్కించే స్క్రిప్ట్ అది. అంకెల్ని అంకెలుగా కాక, అక్షరాల్లా ఒక్కొక్కటే పోల్చేలా రాశాడు. పదిలోని ఒకటి కంటే తొమ్మిది పెద్దదైపోయింది. 1.10 వెళ్లాల్సిన చోటికి పాత 1.9 వెళ్లింది, ప్రింట్ కొట్టగానే ఆగిపోయే దాని జబ్బుతో సహా.

ఆ ఫ్లాపీతో పెరంబూరులోని కస్టమర్ గోడౌనుకు వెళ్లింది రంజనే. పరీక్షించానని రిజిస్టర్లో సంతకం పెట్టిందీ ఆమే. ఈ డెమో బాగా జరిగితేనే ఆమె ఉద్యోగం ఖాయమని చెప్పి, మేనేజర్ భాష్యం కూడా వెంట వెళ్లాడు.

గోడౌను ఫోను ఎంతకీ ఎంగేజ్. శ్యామ్ సరైన ఫ్లాపీని కవర్లో చుట్టి, చొక్కా లోపల దాచుకుని ఆటో ఎక్కాడు. చేతులారా ఆమె ఉద్యోగం తీశానే అని దారంతా తనను తాను తిట్టుకున్నాడు. ఆమె ఇక తన మొహం చూడకపోతే?

అనుకున్నంతా అయింది. కంప్యూటర్ కదలడం లేదు. కస్టమర్ కాఫీకని లేచి వెళ్లాడు. భాష్యం రంజనిని నిలబెట్టి అడుగుతున్నాడు.

“తప్పు నాది సార్,” అన్నాడు శ్యామ్ నీళ్లోడుతూ. ఫ్లాపీ ఇచ్చి సంగతంతా చెప్పాడు.

భాష్యం వదల్లేదు. “నువ్వు రాసింది సరేపా. ఈమె చూసినానని సంతకం పెట్టిందే. నా లెటర్లో కామా పోయినా పట్టుకుంటాది. దీన్ని ఎందుకు చూడలా?”

టైము లేదని అబద్ధం చెప్పినా సరిపోయేది. రంజని చెప్పలేదు.

“శ్యామ్ రాసింది సార్,” అంది తలొంచుకుని. “ఇంకెవరిదయినా చూసుందును. ఆయప్పది చూడాలని తోచలా.”

భాష్యం కళ్లద్దాలు తీసి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. కస్టమర్ వచ్చేలోపు 1.10 ఎక్కించమన్నాడు. ప్రింటర్ కరకరమని మొదటి కాగితం వదిలాక, సోమవారం ఉద్యోగం ఖాయం చేస్తూ లెటర్ ఇస్తానని గొణిగి బయటికి నడిచాడు.

“రంజనీ, నువ్వంటే నాకిష్టం,” అన్నాడు శ్యామ్. “ఇదన్నా బాగా చూసుకుని చెప్పు.”

“నేను చూడను. చూసే పని మా నాయనది,” అంది రంజని. “ఆదివారం ఇంటికి రా. తప్పులు పట్టేదాంట్లో ఆయన నన్ను మించినోడు.”