పడేసిన ముక్కలు

కుంకుమ భరిణె పోయింది.

వెండిదే. పెద్ద ఖరీదేమీ కాదు. అయినా గజపతినగరం గోగునార వ్యాపారి నగరేశ్వరరావు పొద్దున్నే తనే పోలీసు స్టేషన్‌కి నడిచి వచ్చాడు.

"మా ఆవిడ పార్వతీదేవిది బాబూ. గంగలో వదలమని పోయేముందు నాచేత ఒట్టేయించుకుంది. సాయంత్రం బండికి కాశీ వెళ్లిపోతున్నాను. ఇంక రాను. భరిణె లేకుండా ఏ మొహం పెట్టుకుని బండెక్కను?"

ఎస్సై గణపతిరావు కంప్లైంట్ రాసుకున్నాడు. అతనిది కళింగపట్నం దగ్గర రైతు కుటుంబం. ఆ ఇంట్లో బి.ఏ. దాకా వచ్చిన మొదటివాడు. ఈ ఊరొచ్చి ఏడాదైంది. డ్యూటీ దిగాక అతన్ని పలకరించేవాళ్లు లేరు.

నిన్న భోజనాలప్పుడు భరిణె దేవుడి గూట్లో ఉంది. షావుకారు వసారాలో రోజూ సాగే పేకాట ముగిశాక చూస్తే లేదు. పక్కనున్న బరువైన వెండి కుందుల్ని మాత్రం ఎవరూ ముట్టలేదు.

మధ్యలో లోపలికి వెళ్లింది ముగ్గురు. వంటమనిషి అప్పలనరసమ్మ. మంచినీళ్లకి వెళ్లిన రైతు కూర్మయ్య. మేకుకున్న పిక్కల సంచి తెచ్చి, ఆట అయ్యాక మళ్లీ తగిలించిన ఉమాపతి. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు.

పిక్కలంటే చింతపిక్కలే. వాటితోనే పందెం. షావుకారు పిక్కలు ఐపోతే ఆరోజుకి ఆట కట్టు. అది ఆ ఇంటి రూలు.

మధ్యాహ్నం గణపతిరావు అందరినీ వసారాలో కూర్చోబెట్టాడు.

"కూర్మయ్యా, లోపలికి ఎందుకెళ్లావు?"

"దాహమేసి ఎల్లాను బాబూ. నీళ్లు తాగినా కేసేనేటి?"

"భరిణె చూశావా?"

"నాను సూసింది కుండనే."

"అప్పలనరసమ్మా, నువ్వు?"

"నానెందుకు ముడతాను బాబూ? ఆ బరిణిలోదే తీసి అమ్మగారు నాకు బొట్టెట్టీవోరు." ఆమె కొంగుతో కళ్లు వత్తుకుంది.

"మాస్టారూ?"

"సంచి తెచ్చాను, ఆట అయ్యాక తగిలించేసి వచ్చాను సార్." ఉమాపతి డ్రిల్లులో నిలబడ్డట్టు నిలబడి చెప్పాడు.

ఎవరి మాటా తడబడలేదు.

"సరే. రోజూ ఆడినట్టే ఓ ఆట వెయ్యండి."

"పేకముక్కల్తో దొంగ దొరుకుతాడేటి బాబూ?"

"నోరు ఆడినంత సులువుగా చెయ్యి అబద్ధమాడలేదు, కూర్మయ్యా."

మూడు ముక్కలాట. ఉమాపతి సంచిలో చెయ్యి పెట్టి, పిక్కలు పిడికిళ్లతో తీసి పంచాడు.

"రోజూ సంచి బోర్లించి కుప్ప పోస్తారు. ఇయ్యాల పెసాదం పెట్టినట్టు పెడతన్నారేటి మాస్టారూ?" అన్నాడు కూర్మయ్య.

అప్పలనరసమ్మ కూడా ఫక్కున నవ్వింది. ఉమాపతి నవ్వలేదు.

కూర్మయ్య ముక్కలు చూడకుండానే పందెం పెంచాడు. చేతిలో చెత్త ఉన్నా మీసం దువ్వాడు. షావుకారు మనసు బండి మీదుంది. పిక్కలు అడిగినన్ని తోసేస్తున్నాడు. చివరికి ఆయన దగ్గరున్నవన్నీ పందెంలోకి వచ్చేశాయి. కూర్మయ్య తప్పుకున్నాడు.

మిగిలింది ఉమాపతి. ముక్కలు చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు.

"నావల్ల కాదు. మీరే లాక్కోండి షావుకారూ." ముక్కలు బోర్లా పడేశాడు.

గణపతిరావు చెయ్యి చాచి వాటిని తిప్పబోయాడు.

"ఓలమ్మో! పడేసిన ముక్కలు తిప్పి సూడకూడదు బాబూ!" అని అరిచింది అప్పలనరసమ్మ.

"పోలీసు చూడొచ్చు."

మూడు రాజులు.

అంతటి ముక్కలు పట్టుకుని పడేసేవాడు ఎక్కడైనా ఉంటాడా?

"కూర్మయ్య గెలవడానికి ఆడతాడు," అన్నాడు గణపతిరావు. "అలాంటివాడు దొంగతనానికి దిగితే కుందులే పట్టుకుపోతాడు. షావుకారుగారు పొద్దుపోవడానికి ఆడతారు. మాస్టారు మాత్రం ఓడిపోవడానికి ఆడుతున్నారు. ఎందుకంటే, ఈయన గెలిస్తే ఆట కట్టు. ఇంటికెళ్లిపోవాలి. ఈ దొంగకి వెండి అక్కర్లేదు, ఆట ఆగకపోతే చాలు. భరిణె దొరక్కపోతే షావుకారుగారు బండెక్కరుగా. మాస్టారూ, ఆ సంచి ఇవాళ ఎందుకు బోర్లించలేదు?"

ఉమాపతి సంచి తలకిందులు చేశాడు. పిక్కలతోపాటు భరిణె దొర్లి, షావుకారు మోకాలికి తగిలి ఆగింది.

"బండి వెళ్లిపోయాక గూట్లో పెట్టేద్దామనుకున్నాను సార్. ఒక్కడినే ఉంటాను. రోజు మొత్తం మీద నన్నెవరైనా పిలిచే మాట ఒక్కటే. 'పంచండి మాస్టారూ' అని. అది ఈ వసారాలోనే."

నగరేశ్వరరావు భరిణెని కండువాతో తుడిచాడు.

"నాతో ఒక్క మాట అనకపోయావా?"

"అంటే ఉండిపోతారా?"

షావుకారు భరిణెని కండువాలో మూటగట్టాడు. ఎస్సై వైపు తిరిగి, "కంప్లైంట్ చింపెయ్యండి బాబూ," అన్నాడు.

సాయంత్రం బండి ఆయన్ని తీసుకుని వెళ్లిపోయింది. ప్లాట్‌ఫారం మీద ఉమాపతి ఖాళీ పట్టాల వైపు చూస్తూ నిలబడ్డాడు. చేతిలో పిక్కల సంచి. కాస్త దూరంలో గణపతిరావు. ఏ డ్యూటీ మీద స్టేషన్‌కి వచ్చాడో అతనికే తెలీదు.

మర్నాడు మధ్యాహ్నం ఉమాపతి గది తలుపు చప్పుడైంది. తీస్తే ఎస్సై. యూనిఫారం లేదు. వెనక కూర్మయ్య, మీసం దువ్వుకుంటూ.

"ఇంకా విచారణ మిగిలుందా సార్?"

గణపతిరావు చెప్పులు విడిచి, చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"పంచండి మాస్టారూ."

ఉమాపతి సంచి బోర్లించాడు.