లైను చివర మోగిన గంట

మా ఆసుపత్రి మూడో అంతస్తులో, వరండా చివర, పాత రిజిస్టర్ల గది ఒకటుంది. దానికి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక లోపల టైపు కొడుతున్న చప్పుడు వస్తుందంటారు. నేను లిఫ్టు నడిపేవాణ్ణి. ఇరవై ఏళ్లలో నా అంతట నేను ఆ అంతస్తులో దిగిన పాపాన పోలేదు. దెయ్యాలంటే నమ్మకం లేదండీ నాకు. భయం మాత్రం దండిగా ఉంది.

ఆ గది టైపిస్టు మామ్మది. పదకొండేళ్ల కిందట, అదే కుర్చీలో, వేళ్లు మీటల మీద ఉండగానే పోయింది. బతికున్నన్నాళ్లూ కాగితం దండగ చేస్తే ఊరుకునేది కాదు. చిన్న చీటీ అడిగినా, "అరచేతి మీద రాసుకో, కడుక్కుంటే పోతుంది" అనేది.

ఇక అసలు సంగతి. కళ్లద్దాలాయన స్వయంగా చెప్పాడు, నేను కల్పించింది ఒక్క ముక్క లేదు.

కళ్లద్దాలాయన అంటే మా కంప్యూటరాయన. ఆ గదిలోనే కూర్చుని, మామ్మ టైపు కొట్టిన రక్తదాతల పాత రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడం ఆయన పని. ఎక్కించాడు, సర్దడమే మిగిలింది. సరిగ్గా అప్పుడే ఆయన ఒక్కగానొక్క చెల్లెలికి మా దగ్గరే కాన్పయింది. బిడ్డ బాగుంది. తల్లికే రక్తస్రావం ఆగలేదు.

ఆమెది ఎక్కడో లక్షలో ఒకరికి ఉండే గ్రూపు. అన్న రక్తం చూశారు, కలవలేదు. బ్లడ్ బ్యాంకు నర్సమ్మ పరిగెత్తుకొచ్చింది.

"అన్నా, ఉన్న ఒక్క ప్యాకెట్టూ ఎక్కించేశాం. బయటి ఊరి నుంచి వచ్చేసరికి తెల్లారుతుంది. అంతదాకా... ఆగదన్నా. నీ రిజిస్టర్లలో ఎవరైనా ఉన్నారేమో చూడు."

రాత్రి పన్నెండుకి నా లిఫ్టే ఎక్కాడు. "మూడు" అన్నాడు. ఆ ముఖం చూశాక వద్దనకుండా బటన్ నొక్కేశాను.

నాలుగు వేల పేజీలు. కళ్లతో వెతికితే నెల పడుతుంది. ఆ గ్రూపు దాతల నెంబర్లన్నీ 77తో మొదలై, ఓ గీత, ఆ తర్వాత ఐదంకెలు ఉంటాయి. ఇలాంటి ఆకారం ఎక్కడుంటే అక్కడ ఏరిపెట్టమని గుర్తుల్లో రాసిస్తే కంప్యూటర్ ఏరిపెడుతుందట. రెగెక్స్ అంటారట. జల్లెడ అనుకోండి, పోయేదేం లేదు.

జల్లించాడు. వేలకు వేలు పడ్డాయి. కర్మ కాకపోతే, సగం ఫోన్ నెంబర్లూ 77తోనే, గీతతోనే ఉన్నాయి! ప్రతి లైనూ దాత నెంబరుతోనే మొదలవుతుంది కదా అని, జల్లెడకి ముందు టోపీలాంటి గుర్తొకటి పెట్టాడు. లైను మొదట్లో ఉంటేనే తీసుకో అని దానర్థం.

ఒక్కటి పడింది. ఒకే ఒక్కటి. జల్లెడ చూపేది నెంబరే, పేరు కాదు.

ఫోన్లో నర్సమ్మకి ఆ నెంబరు చదివాడు. అవతల కార్డులు తిరగేస్తున్న చప్పుడు... తర్వాత గుసగుసగా —

"అన్నా... అది టైపిస్టు మామ్మ నెంబరు."

అప్పుడే — వెనక, గోడవార బల్ల మీద, ప్లాస్టిక్ ముసుగు కింద —

టక్... టక్... టక్...

తిరిగి చూడలేదు. చూసేంత తీరికెక్కడిది? గీత లేకపోయినా పట్టమన్నాడు. మధ్యలో ఖాళీ ఉన్నా పట్టమన్నాడు. ఎన్ని మార్చినా అదే నెంబరు. ఆ చచ్చినావిడ నెంబరే.

టక్ టక్ టక్ టక్...

కింది నుంచి మళ్లీ ఫోను. "అన్నా, బీపీ పడిపోతోంది."

ఇక ఆగలేకపోయాడు. "మామ్మగారూ! నా చెల్లెలండీ!" అని ఏడ్చేశాడు. "అమ్మ పోయాక నా చేతులతో పెంచుకున్నాను. మీకు దణ్ణం పెడతాను, నాతో ఆటలాడకండి. పక్కకి తప్పుకోండి!"

చప్పుడు ఆగలేదు. టక్ టక్ టక్ అని సాగి, సాగి... టింగ్!

గంట.

ఆయనా చిన్నప్పుడు టైపు నేర్చుకున్నవాడే. ఆ గంట లైను చివరికొస్తేనే మోగుతుంది. కానీ ఒక మనిషి నెంబరూ, పేరూ, ఫోనూ కలిపితే సగం లైను దాటదే... మిగతా సగంలో ఏముంది?

మామ్మ ఉన్న పేజీ తెరిచాడు.

కాగితం దండగని, లైనుకి ఇద్దర్ని కొట్టింది మహాతల్లి! మధ్యలో ఓ ఏటవాలు గీత, దాని వెనక రెండో మనిషి. టోపీ గుర్తు పుణ్యమా అని రెండో వాళ్లెవరూ జల్లెడకి కనపడలేదు. మామ్మ నెంబరు వెనక ఇంకో 77. పక్కన పేరు — ఆవిడ కొడుకుది.

ఫోన్ చేశాడు. ఒక్క రింగుకే ఎత్తారు. "చొక్కా వేసుకునే ఉన్నాను. ఎక్కడికి రావాలి?"

పావుగంటలో వచ్చాడు. ఆ ఒక్క ప్యాకెట్టుతోనే చెల్లెలి ప్రాణం తెల్లారేదాకా నిలబడింది. తెల్లారాక బయటి ఊరి రక్తమూ అందింది. చెల్లెలు గండం గట్టెక్కింది.

కళ్లద్దాలాయన అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీ అమ్మగారి టైపు మిషనే కాపాడిందండీ, పైన రాత్రంతా..."

అతను అదోలా చూశాడు. "పైనా? ఆ మిషన్ అమ్మ చనిపోయిన వారంలోనే మా ఇంటికి పంపేశారు కదయ్యా."

ముగ్గురం పైకెళ్లాం. అవును, నేనూ దిగాను. కళ్లద్దాలాయన ముసుగు లాగాడు. కింద రెండు ఖాళీ అట్టపెట్టెలు.

కొడుకే మెల్లగా అన్నాడు.

"రాత్రి మా ఇంట్లోనూ కొట్టిందయ్యా. చూస్తే అందులో కాగితం లేదు, ముందు మనిషి లేడు. చివర్లో గంట మోగింది... పని అయిపోయి చివరి గంట మోగిందంటే, బయటికి పంపడానికి అమ్మ నన్ను కేకేసేది. అందుకే చొక్కా వేసుకుని ఫోన్ పక్కన కూర్చున్నాను."