రీరికార్డింగ్ బాబు చెవి పరీక్ష

“నేనింకా శబ్దమే ఇవ్వలేదు. బటన్ ఎందుకు నొక్కుతున్నారు?”

ఆమె నాతో అన్న మొదటి మాట ఇది.

బీరువా అంత గది. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు, చేతిలో ఒక బటన్. అద్దం అవతల మెషిన్ ముందు ఆమె. చెవిలో సన్నగా కూత వినబడితే బటన్ నొక్కాలి. అంతే పరీక్ష. పరీక్ష అనగానే ఎక్కువ మార్కులు రావాలన్న ఆశ నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. అందుకని వినబడినా వినబడకపోయినా నొక్కుతూ పోయాను.

“వినబడిందండీ,” అన్నాను.

“ఏం వినబడింది?”

“వయొలిన్లు.”

“ఎన్ని?”

“ఓ ఇరవై ఉంటాయి.”

ఆమె నవ్వలేదు. మెషిన్‌లో మొదటి నుంచీ మళ్ళీ మొదలుపెట్టింది. అబద్ధం పూర్తిగా అబద్ధమూ కాదు. ఆమె తలెత్తి నన్ను చూసినప్పుడు నా బుర్రలో నిజంగానే వయొలిన్లు మోగాయి. నా బుర్ర అలాంటిది. పాలు పొంగినా దానికొక బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ వేస్తుంది.

నేను లిఫ్టులు బాగుచేస్తాను. పని అయ్యాక పెద్ద సినిమాల సంగీతం మీద నా పేజీలో అభిప్రాయాలు రాస్తాను. పాటల మీద కాదు. పాటల మీద ఎవరైనా రాస్తారు. హీరో నడిచొస్తుంటే వెనక మోగే ఆర్కెస్ట్రా మీద, ఇంటర్వెల్ ముందు పేలే డ్రమ్స్ మీద, క్లైమాక్స్‌లో గొంతులు చించుకునే కోరస్ మీద. అందుకే తోటి మెకానిక్కులు నన్ను రీరికార్డింగ్ బాబు అంటారు. ప్రతి సినిమా మొదటి ఆట, మొదటి వరుస, స్పీకర్ పక్క సీటు. సంగీతం పళ్ళు కదిలించకపోతే అది సంగీతం కాదని నా సిద్ధాంతం. ఆ సిద్ధాంతాన్ని చదివేవాళ్ళలో సగం మంది మా పిన్ని పిల్లలు.

ఆ సిద్ధాంతమే నన్నిక్కడికి తెచ్చింది. ఒక లిఫ్టు మోటారులో బేరింగ్ కీచుమంటోంది. అది అపార్ట్‌మెంట్లో వాళ్ళందరికీ వినబడింది, పక్కనే నిలబడ్డ నాకు వినబడలేదు. మా సూపర్‌వైజర్ ఒకటే మాటన్నాడు: “చెవి చూపించుకో. బాగుందని తేలేదాకా మెషిన్ రూమ్ గడప తొక్కకు.”

పరీక్ష అయ్యాక ఆమె నన్ను ఎదురుగా కూర్చోబెట్టింది.

“లోపం కొంచెమే. కానీ ఇలాగే కొనసాగితే ఎక్కువవుతుంది. హెడ్‌ఫోన్లు మానండి. సినిమాకెళితే వెనక వరుస, చెవుల్లో ఇవి.” రెండు నారింజ రంగు ఇయర్‌ప్లగ్గులు నా అరచేతిలో పెట్టింది. “మూడు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం.”

“సంగీతం గుండెకు తగలాలి కదండీ!”

“గుండెకు వెళ్ళే దారి చెవే కదా. దారి తవ్వేసుకుంటే ఎలా వెళుతుంది?”

“వంద వయొలిన్లు ఒక్కసారి లేస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసా?”

“ఆ డ్రమ్స్ కింద మీకు ఒక్క వయొలిన్ అయినా వినబడిందా, రీరికార్డింగ్ గారూ?”

ఆ పేరు ఆమెకెలా తెలిసిందా అని బయటికొచ్చి చూస్తే, వెయిటింగ్ హాల్లో మా అమ్మ పక్కవాళ్ళకు నా జీవిత చరిత్ర చెబుతోంది.

మర్నాటి నుంచి, మా కంపెనీయే చూసే ఆ క్లినిక్ లిఫ్టు మీద నాకు ఎక్కడలేని ప్రేమ పుట్టింది. మెషిన్ రూమ్ ఎక్కకూడదు కాబట్టి తలుపుల పట్టాలు తుడవడం, బటన్ల బిగువు చూడడం నా వంతు.

“మా లిఫ్టు బాగానే ఉందే?” అంది ఆమె, మూడోసారి నన్ను అక్కడ చూసి.

“చెడిపోకముందే చూడడం మంచిదండీ.”

“మరి మీ చెవుల విషయంలో ఆ తెలివి ఏమైంది?”

జవాబు చెప్పేలోపు ఆమె దిగాల్సిన అంతస్తు వచ్చేసింది. లిఫ్టు అంత వేగంగా వెళ్ళడం వృత్తిరీత్యా నాకు మొదటిసారి నచ్చలేదు.

ఇలా లిఫ్టులో పైకీ కిందికీ పోట్లాడుకుంటూ ఉండగా ఏడాదిగా నేను ఎదురుచూస్తున్న పెద్ద సినిమా వచ్చింది. ధైర్యం చేసి అడిగాను. “వెనక వరుసలో రెండు టికెట్లు తీసుకుంటే...”

“వస్తాను. ఒక్క షరతు. నోరు మూసుకుని చూడాలి.”

మూసుకున్నాను. పేర్లు పడేదాకా.

తర్వాత నావల్ల కాలేదు. “చూడండి, ఇప్పుడు బూరలు లేస్తాయి... లేచాయా? ఇప్పుడు కోరస్!” అని ఆమె చెవి పక్కన కామెంటరీ మొదలుపెట్టాను. ఇయర్‌ప్లగ్గులు జేబులోనే ఉన్నాయి. రెండో సగంలో ఒక చోట హీరో ఇల్లు విడిచి వెళ్ళిపోతాడు. వాళ్ళమ్మ ఒంటరిగా కూర్చుని అతని చొక్కాలు మడతపెడుతుంది. సంగీతం లేదు. నేను వంగి, “ఇక్కడ మ్యూజిక్ డైరెక్టర్ నిద్రపోయాడు,” అన్నాను. నా జోకుకు నేనే నవ్వాను.

బయటికొచ్చేసరికి వర్షం. నా బుర్ర ఆ వర్షానికి మెల్లగా పియానో అందుకుంది. ఆమె గొడుగు తెరుస్తూ అంది:

“ఆ సీన్లో ఆవిడ ఊపిరి వినబడుతోంది. తెలుసా?”

“తెలీదండీ.”

“తెలీదు. మీరు మాట్లాడుతున్నారు కదా.” గొడుగు కింద నుంచి నన్ను సూటిగా చూసింది. “పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వినబడని వాళ్ళతో ఉంటాను. వాళ్ళు ఎంత కష్టపడి వింటారో చూస్తాను. చెవులుండీ వినని మనిషితో నాకు కుదరదు. అది బాగుచేసే మెషిన్ మా దగ్గర లేదు.”

బస్సెక్కి వెళ్ళిపోయింది. పియానో ఆగిపోయింది. నేను వర్షంలో హీరోలా నిలబడదామనుకున్నాను గానీ తుమ్ములు మొదలయ్యాయి.

మర్నాడు అదే సినిమాకు ఒక్కణ్ణే వెళ్ళాను. వెనక వరుసలో, చెవుల్లో ఆ నారింజ రంగు బిరడాలతో. డ్రమ్స్ పక్కవీధికి వెళ్ళిపోయినట్టున్నాయి. వాటి కింద ఒక చెల్లో, ఆ బరువు గొంతు పెద్ద వయొలిన్, ఒకే ఒక్కటి, మొదటి నుంచీ సినిమాను భుజాన మోస్తోంది. నిన్న అది ఉన్నట్టే నాకు తెలియదు. చొక్కాల సీన్ దగ్గర అది కూడా ఆగిపోయింది. నిజంగానే ఊపిరి వినబడింది. నేను కళ్ళు తుడుచుకుని పక్కకు చూశాను. చెప్పుకోవడానికి ఎవరూ లేరు.

ఆ రోజు నా పేజీలో రాశాను: “నేనిన్నాళ్ళూ సంగీతం గురించి రాశాననుకున్నాను. సౌండ్ గురించి రాశాను. ఈ సినిమాలో అన్నిటికంటే మంచి రీరికార్డింగ్, ఏమీ మోగని చోట ఉంది.”

కింద మా పిన్ని కొడుకు అడిగాడు: “అన్నా, పెళ్ళి కుదిరిందా? జ్వరమా?”

దాని కింద ఆమె: “ఏ వరుసలో కూర్చున్నారు?”

“చివరి వరుసండీ. నోరు మూసుకుని.”

తర్వాత ఇంకో సినిమాకు ఆమే పిలిచింది. ఈసారి ఒట్టు, నేను ఇంటర్వెల్లో కూడా నోరు తెరవలేదు. చివరికి ఆమే మాట్లాడాల్సి వచ్చింది. వాళ్ళ నాన్నకు చెవి వినబడడం తగ్గినప్పుడు ఇంట్లో ఎవరూ గమనించలేదనీ, ఆయన అన్నిటికీ నవ్వి ఊరుకునేవారనీ, అది చూసే తాను ఈ చదువులో చేరాననీ చెప్పింది. నేను విన్నాను. నా బుర్ర దానికి ఏ వాయిద్యమూ కలపలేదు.

మూడు నెలల పరీక్ష రోజు వచ్చింది. అమ్మ తోడొచ్చింది. నాకు రెండు భయాలు. చెవి బాగాలేకపోతే ఉద్యోగం పోతుంది. బాగుంటే, ఇక ఇక్కడికి రావడానికి సాకు పోతుంది.

“ఇప్పుడు మాటల పరీక్ష,” అంది ఆమె హెడ్‌ఫోన్లలో, పెదాలు కనబడకుండా ఒక అట్ట అడ్డం పెట్టుకుని. “గొంతు తగ్గించుకుంటూ వెళతాను. నేనేమంటే అచ్చం అదే అనండి. సొంత అభిప్రాయాలు వద్దు.”

నేను ఒళ్ళు బిగించుకుని కూర్చున్నాను.

“కుర్చీ.”

“కుర్చీ!”

“మేఘం.”

“మేఘం!”

“మా నాన్నతో.”

“మా నాన్నతో!”

“మీ గురించి చెప్పాను.”

“మీ గురించి చెప్పాను!”

ఒక్క అక్షరం కూడా వదలకూడదన్న పట్టుదలలో ఉన్నాను. హెడ్‌ఫోన్ల వల్ల నా గొంతు నాకే తెలియడం లేదు.

“మీరంటే నాకిష్టం.”

“మీరంటే నాకిష్టం!”

“మీకూ ఇష్టమేనా?”

“మీకూ ఇష్టమేనా!”

తర్వాత చాలా సన్నగా, “అది ప్రశ్న.”

“అది ప్రశ్న!”

“జవాబు చెప్పండి.”

“జవాబు చెప్పండి!”

“అయ్యో రామా.”

“అయ్యో రామా!”

అట్ట దిగింది. దాని వెనక ముఖం ఎర్రగా కందిపోయి ఉంది. ఆమె లేచి వచ్చి తలుపు తీసి, నా హెడ్‌ఫోన్లు ఊడదీసింది.

“మీ చెవులు శుభ్రంగా ఉన్నాయి. రేపట్నుంచి మెషిన్ రూమ్ ఎక్కొచ్చు. ఇప్పుడు నేనన్నవి ఒక్కసారి మనసులో చెప్పుకోండి. అర్థంతో.”

కుర్చీ. మేఘం. మా నాన్నతో...

ప్రపంచంలోని ప్రతి ఆర్కెస్ట్రా మీదా అభిప్రాయమున్న నాకు, నోట మాట రాలేదు. ఆమె ఎదురుచూస్తోంది. నవ్వడం లేదు. భయపడుతోందని అప్పుడర్థమైంది.

“ఇష్టమేనండీ,” అన్నాను. గుసగుసలా వచ్చింది. ఆమెకు వినబడింది.

వినబడనిది బయటివాళ్ళకే. అంతకుముందు నేను అరిచినవి మాత్రం వెయిటింగ్ హాలంతా విన్నది. తలుపు దగ్గర అమ్మ నిలబడి ఉంది. అమ్మ వెనక చెవి మెషిన్ పెట్టుకున్న ఒక తాతగారు.

“హాలు దద్దరిల్లేలా అడిగావు కదరా,” అంది అమ్మ. “ఇంతకీ ఆ పిల్ల ఏమంది?”

నేను ఆమె వైపు చూశాను. ఆమె నా వైపు చూసింది. మా వాలకం చూసి అమ్మకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

“ఏమందమ్మా అమ్మాయి?” తాతగారు ఆత్రంగా అడిగారు.

అమ్మ ఆయన చెవి దగ్గరకు వంగి గట్టిగా చెప్పింది: “ఒప్పుకుందండీ!”

“నేను కాదత్తయ్యా,” అంది ఆమె వెంటనే. “అడిగిందే నేను. ఒప్పుకున్నది మీ అబ్బాయి.”

అమ్మ ‘అత్తయ్యా’ దగ్గరే ఆగిపోయింది. ఆ తర్వాతి మాటలేవీ ఆమెకు వినబడలేదు.