తప్పుల కోసం రెండు వారాలు

“ఈ లైను ఎవరు రాశారు?”

టైమ్‌టేబుల్ గొంతు ప్రాజెక్టు రూమ్‌లో ఖంగుమంది. అతనికి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది గానీ అది అటెండెన్స్ రిజిస్టరుకే పరిమితం. కాలేజీలో లెక్చరర్లు కూడా అతన్ని టైమ్‌టేబుల్ అనే పిలుస్తారు. ఎందుకు పిలవరు? ఫైనలియర్ ప్రాజెక్టు కోసం గోడ నిండా చార్టు అంటించాడు మహానుభావుడు. ఏ రోజు ఏ పని, ఎవరు చెయ్యాలి, ఎన్ని గంటల్లో ముగించాలి, అన్నీ రంగురంగుల గీతలే. టీ తాగడానికి కూడా ఒక గీత ఉంది. పావుగంట, గోధుమ రంగు.

ఆ గీతలన్నిటికీ అడుగున నల్ల స్కెచ్‌పెన్నుతో ఎవరో వంకరటింకరగా రాశారు: ‘తప్పులు – రెండు వారాలు.’

“నేనే రాశాను,” అంది కిటికీ దగ్గరున్న అమ్మాయి, గోళ్ళలో గ్రీజు తుడుచుకుంటూ.

ఆమె స్పార్కు. వాళ్ళ నాన్నకు గేట్లూ గ్రిల్సూ చేసే వెల్డింగ్ షాపు ఉంది. చిన్నప్పటి నుంచీ నిప్పురవ్వల మధ్యే పెరిగింది కాబట్టి ఆ పేరు. లాటరీలో చీటీలు తీసి టీములు వేస్తే ఈ ఇద్దరూ ఒకే టీములో పడ్డారు. మిగతా ఇద్దరిలో ఒకడు రిపోర్టు, అంటే రాతపనంతా వాడిది. ఇంకొకడు కునుకు. లెక్కల్లో పులి, కానీ లెక్క అయిపోగానే బల్ల మీద తల వాల్చేస్తాడు.

“తప్పులకి టైమ్ ఇవ్వడమేంటి? తప్పు చేస్తామని ముందే ఒట్టేసుకున్నామా?”

“ఒట్టెందుకు, అవే వస్తాయి. మా షాపులో ఏ పనికైనా ముందు దానికే టైమ్ పెడతారు మా నాన్న.”

“మీ షాపు సంగతి నాకు తెలీదు. నేను మాత్రం తప్పు చెయ్యను.”

“అబ్బో!” అంది స్పార్కు.

ఆ ఒక్క ‘అబ్బో’ అతనికి వారం రోజులు చెవుల్లో మోగింది. తడిగుడ్డ తెచ్చి ఆ లైను తుడిచేశాడు. మచ్చ మాత్రం మిగిలిపోయింది.

ప్రాజెక్టు చెప్పుకోవడానికి చిన్నదే. వాళ్ళ బ్లాకు నాలుగంతస్తులు, లిఫ్టు లేదు. మంచినీళ్ళ కాన్లు తెచ్చే బాబాయి రోజూ భుజాన మోసుకుని ఎక్కుతాడు. మూడో అంతస్తుకొచ్చేసరికి ఆయన మోకాళ్ళు పడే బాధ ముఖంలోనే తెలిసిపోతుంది. ఆయన కోసం మెట్లెక్కే ట్రాలీ చెయ్యాలి. ఒక్కో పక్కా మూడేసి చక్రాలు గుత్తిగా తిరుగుతూ మెట్టు మీద మెట్టు ఎక్కాలి. వెనక్కి జారిపోకుండా పళ్ళచక్రాన్ని పట్టి ఆపే ర్యాచెట్ ఉండాలి.

“ఎక్కాక నన్ను కూడా కూర్చోబెట్టి తీసుకెళ్తుందామ్మా?” అని అడిగాడు కాన్ల బాబాయి.

“అది వచ్చే ఏడాది బ్యాచ్‌కి వదిలేద్దాం బాబాయ్,” అంది స్పార్కు. టైమ్‌టేబుల్‌కి నవ్వొచ్చింది, కానీ చార్టులో నవ్వుకు గీత లేదు కాబట్టి ఆపుకున్నాడు.

ఆపుకోలేనిది ఇంకొకటి మొదలైంది. వెల్డింగ్ చేసేటప్పుడు ఆమె ముఖానికి ఇనప మాస్కు. అతుకు పూర్తవగానే మాస్కు పైకెత్తి, చెమటకు నుదుటికి అంటుకున్న జుట్టు మోచేత్తో తోసుకుని, అతుకుని ఒకసారి చూసుకుని, “హమ్మయ్య” అంటుంది. ఆ ‘హమ్మయ్య’ కోసం అతను పనిమానుకుని నిలబడటం మొదలుపెట్టాడు. ఎవరైనా చూస్తే చేతిలో టేపు ఉండేది, ఏదో కొలుస్తున్నట్టు.

ఒకరోజు కునుకు నిద్రలేచి చార్టు వైపు కళ్ళు చికిలించాడు.

“ఒరేయ్, టీ గీత పావుగంట ఉండేది కదరా? నలభై నిమిషాలైందేంటి?”

“కాగితం సాగింది.”

“నీ ఒక్కడి దగ్గరే సాగుతుందిరా కాగితం,” అని మళ్ళీ పడుకున్నాడు కునుకు.

నాలుగో నెలలో స్పార్కుకి పంపుల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. డిజైన్ విభాగం, మంచి జీతం. ఒకే ఒక్క షరతు. వచ్చే నెలాఖరుకల్లా పాసైన కాగితం చూపించాలి. ప్రాజెక్టు డెమోలో ట్రాలీ ఎక్కకపోతే నలుగురూ ఇంకో ఆరు నెలలు ఆగాలి. మిగతా ముగ్గురికీ అది ఆరు నెలల చికాకు. ఆమెకైతే ఉద్యోగమే పోతుంది.

“నా వల్ల నీ ఉద్యోగం పోదు,” అన్నాడు టైమ్‌టేబుల్.

“నీ వల్ల ఎందుకు పోతుంది? నువ్వు తప్పులు చెయ్యవుగా,” అంది ఆమె. కళ్ళు మాత్రం నవ్వాయి. ఆ రోజు అతను ఏ పనికీ టిక్కు పెట్టలేకపోయాడు.

డెమోలు రెండు బ్యాచులు. టీము తరఫున ఒకరు ఆఫీసుకెళ్ళి సంతకం పెట్టాలి. అతను మోటారు కోసం బజారుకు పోయిన రోజది. ఆమే వెళ్ళి, వచ్చి చెప్పింది, “మూడో తారీఖు.” అతను ఎర్ర స్కెచ్‌పెన్నుతో మూడో తారీఖు చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టాడు.

ఇరవై తొమ్మిదిన మొదటి టెస్టు. రెండు కాన్లు కట్టి, ట్రాలీని మెట్ల ముందు నిలబెట్టారు. కాన్ల బాబాయి చేతులు కట్టుకుని చూస్తున్నాడు. రిపోర్టు ఫోను పట్టుకుని వీడియో తీస్తున్నాడు. టైమ్‌టేబుల్ స్విచ్ నొక్కాడు.

ట్రాలీ కిర్రుమంది. మొదటి మెట్టు సగం ఎక్కి, టపీమని బిగుసుకుపోయింది. తిప్పి పైమెట్టు మీద పెడితే గడగడా దిగిపోయింది, ఎక్కడా ఆగకుండా, కాన్లతో సహా.

“దిగడానికి భలే హుషారుగా ఉందమ్మా,” అన్నాడు బాబాయి. “ఎక్కడానికే మొండికేస్తోంది.”

విప్పి చూశారు. ర్యాచెట్‌ని పట్టుకునే బ్రాకెట్లు తిరగబడి ఉన్నాయి. అద్దంలో చూసినట్టు, కుడిది ఎడమగా. తిప్పి బిగిద్దామంటే వంపు చక్రానికి తగులుతోంది. కొత్తవి చెయ్యాలి, వాటిని కాల్చి గట్టిపరచాలి. తక్కువలో తక్కువ ఎనిమిది రోజులు. డెమోకి ఉన్నవి నాలుగే.

టైమ్‌టేబుల్ స్పార్కు వైపు తిరిగాడు. ఆ బ్రాకెట్లు చేసింది స్పార్కు, వాళ్ళ నాన్న షాపులో.

“డ్రాయింగ్ చదవడం కూడా రాదా నీకు?” అందరి ముందూ అరిచేశాడు.

ఆమె ముఖం ఎర్రబడింది. “ఒక్క నిమిషం. నేను చెప్పేది విను—”

“ఏం వినాలి? పోయేది నీ ఉద్యోగం! నీకు చీమ కుట్టినట్టైనా లేదు. అలా ఎలా నిలబడ్డావసలు?”

నిజమే, ఆమెలో కంగారన్నదే లేదు. ఇప్పుడు మాత్రం ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చేతిలో స్పానర్ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. కునుకు నిద్ర మాని అతని వంక అదోలా చూశాడు.

“తప్పు చేశావురా,” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే టైమ్‌టేబుల్ ఆ డ్రాయింగ్ తీశాడు, ఆమె ఎక్కడ పొరబడిందో గీత గీసి చూపిద్దామని. కొలతలు సరిగ్గా ఉన్నాయి. కంతలు సరిగ్గా ఉన్నాయి. అప్పుడు కాగితం కింది మూల చూశాడు.

వస్తువును పక్క నుంచి చూసిన బొమ్మని కాగితం మీద ఎటు వెయ్యాలన్నదానికి ఇంజినీర్లలో రెండు పద్ధతులున్నాయి. కుడి నుంచి చూసింది కొందరు కుడివైపే వేస్తారు, కొందరు ఎడమవైపు వేస్తారు. మనది ఏ పద్ధతో తెలియడానికి మూలన బొటనవేలి గోరంత గుర్తు పెట్టాలి. అది పెట్టకపోతే, కుడికాలి చెప్పు గీసి పంపిస్తే ఎడమకాలి చెప్పు తయారై వస్తుంది. ఫస్టియర్ మొదటి వారంలో చెప్పే పాఠమది.

డ్రాయింగ్ మూల ఖాళీగా ఉంది. డ్రాయింగ్ కింద సంతకం అతనిది.

వాన మొదలైంది. గొడుగు తీసుకోవడం కూడా తట్టలేదు. డ్రాయింగ్‌ని ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, తను మాత్రం నిలువునా తడుస్తూ వెల్డింగ్ షాపుకి చేరాడు. రేకుల కప్పు మీద వాన హోరు. ఆమె మాస్కు ఎత్తి చూసింది. ఈసారి ‘హమ్మయ్య’ అనలేదు.

“గుర్తు పెట్టలేదు,” అన్నాడు ఆయాసపడుతూ. “నేనే. తప్పు నాది. అందరి ముందూ నిన్ను తిట్టాను. అందరి ముందే క్షమాపణ చెప్తాను. కానీ ముందు నీకు చెప్పాలి. నీ ఉద్యోగం పోతే నన్ను నేను... అసలు నేను...” ముక్కు మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి.

ఆమె తువ్వాలు విసిరింది. “ముందు తుడుచుకో. తర్వాత ఏడుద్దువుగాని.”

“నాలుగు రోజుల్లో ఎలా చేస్తాం?”

“నాలుగు రోజుల్లో ఎవరు చెయ్యమన్నారు?” ఆమె గోడ మీది నల్లబోర్డు చూపించింది. “అది చదువు.”

బోర్డు మీద సుద్దతో రాసుంది: ‘స్కూలు గేటు – ఐదో తారీఖు.’

“ఆ స్కూలు వాళ్ళు గేటు అడిగింది పదిహేనుకి. మా నాన్న బోర్డు మీద ఎప్పుడూ పది రోజులు ముందే రాస్తారు. పనివాళ్ళందరికీ అదే తారీఖు.” ఆమె చేతి గ్లవ్స్ విప్పింది. “మన డెమో పదిహేడున. చివరి బ్యాచ్‌కి సంతకం పెట్టాను.”

టైమ్‌టేబుల్ తువ్వాలు కింద పడేశాడు.

“మూడో తారీఖన్నావు!”

“అన్నాను. నువ్వు తుడిచేసిన రెండు వారాలు ఎక్కడో ఒకచోట దాచాలి కదా. కావాలంటే తిట్టుకో.”

“నోటీసు బోర్డులో పెట్టలేదా?”

“పెట్టారు. నువ్వెప్పుడు చూశావు నోటీసు బోర్డు? నీ చార్టే నీకు లోకం.”

“మిగతా వాళ్ళకి...”

“ఇద్దరికీ తెలుసు. అందుకే కునుక్కంత హాయిగా నిద్ర పట్టేది. నిన్న నీకు చెప్దామనే నోరు తెరిచాను. నువ్వు మూయించావు.”

అతను అక్కడే ఇనప ముక్కల కుప్ప మీద కూలబడ్డాడు. నెలల తరబడి గుండెల మీదున్న బండ ఎవరో ఎత్తి అవతల పెట్టినట్టుంది. కోపం రావాలి కదా, రాలేదు. నవ్వొచ్చింది. పగలబడి నవ్వాడు. కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వి, “హమ్మయ్య” అన్నాడు.

“అది నా మాట,” అంది స్పార్కు.

“తెలుసు. నాలుగు నెలలుగా దానికోసమే టేపు పట్టుకుని నిలబడుతున్నాను.”

అనేశాక నాలుక కరుచుకున్నాడు. ఆమె చటుక్కున మాస్కు దించుకుంది. వెల్డింగ్ చెయ్యడానికి మాత్రం కాదు, చేతిలో ఏమీ లేదు. మాస్కు లోపల్నుంచి వినపడింది, “నేనేమన్నా గుడ్డిదాన్నా? ఆ టేపుతో ఒక్కసారి కూడా ఏం కొలవలేదు నువ్వు.”

అతను మాటిచ్చినట్టే అందరి ముందూ క్షమాపణ చెప్పాడు, కాన్ల బాబాయిని కూడా పిలిచి మరీ. కొత్త బ్రాకెట్లకు తొమ్మిది రోజులు పట్టింది. పదో తారీఖున మోటారు వైరు కాలింది. పదిహేనున అది కూడా బాగైంది. దాచిన రెండు వారాల్లో సరిగ్గా ఒక్క రోజు మిగిలింది.

పదిహేడున ట్రాలీ రెండు కాన్లతో నాలుగంతస్తులూ ఎక్కింది. పక్కనే బాబాయి ఖాళీ చేతులూపుకుంటూ ఎక్కాడు. పైకి చేరాక ఆయన ఆ చేతులు ఏం చేసుకోవాలో తెలియక రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు. “ఇన్నేళ్ళకి,” అన్నాడు. అంతే అన్నాడు. ప్రాజెక్టు గైడ్ మేడమ్ కాగితం మీద సంతకం పెడుతూ టైమ్‌టేబుల్ వంక చూసి, “మీ టీము చివరి బ్యాచ్‌లో ఉందని నీకొక్కడికే తెలియదటగా?” అని నవ్వింది.

స్పార్కు ఉద్యోగంలో చేరేముందు ఆదివారం, అతను చుట్టిన చార్టు ఒకటి పట్టుకుని షాపుకొచ్చాడు. వర్క్ బెంచీ మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు నట్లు పెట్టాడు. ఆమె వంగి చదివింది. ‘నాకూ ఉద్యోగం. మా అమ్మకు చెప్పడం (అయింది, ఒప్పుకుంది). మీ నాన్నగారికి చెప్పడం – ఈరోజు నాలుగింటికి.’ అన్నిటికంటే పైన, నల్ల స్కెచ్‌పెన్నుతో: ‘తప్పులు.’ దాని గీత కాగితం ఈ చివర మొదలై ఆ చివరిదాకా సాగింది.

“ఇదేంటి, ఈ గీత ఎక్కడా ఆగలేదు?”

“కాగితం అయిపోయింది. నాతో ఉంటే అంత టైమూ పడుతుంది. ఉంటావా?”

ఆమె అతని జేబులోంచి పెన్ను లాక్కుని, అదే గీత పక్కన రెండో గీత గీసింది. అది కూడా చివరిదాకా. “అన్నీ నీవే ఎలా అవుతాయి? నావీ ఉంటాయి,” అంది.

వెనక నుంచి దగ్గు వినపడింది. వాళ్ళ నాన్న కళ్ళజోడు సవరించుకుంటూ చార్టు మొత్తం చదివాడు, గేటు ఆర్డరు చదివినంత నిదానంగా.

“నాకు నాలుగింటికి చెప్పాలని ఉంది. నాలుగున్నరైంది.”

“సారీ అంకుల్. దారిలో...”

“పర్లేదు బాబూ. పైన రాసుకున్నావుగా దానికి టైమ్.” ఆయన కూతురి ముఖంలోకి చూశాడు. కావలసిన జవాబు అక్కడే దొరికింది కాబోలు, ఇక ఒక్కటే అడిగాడు. “పెళ్ళి ఎప్పుడనుకుంటున్నారు?”

“రెండేళ్ళ తర్వాత అంకుల్. ఇద్దరం కాస్త కుదురుకున్నాక.”

ఆయన తలూపి, సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరకెళ్ళాడు. స్కూలు గేటు తుడిచేసి, ఆ చోట రాశాడు: ‘అమ్మాయి పెళ్ళి – వచ్చే ఏడాది.’

టైమ్‌టేబుల్ ఆ తారీఖు చూశాడు. జేబులో ఎర్ర స్కెచ్‌పెన్ను ఉంది. తియ్యలేదు.