పిడి విప్పిన కత్తి

డిటెక్టివ్ ఆఫీసు గుమ్మంలో నిలబడ్డ ఆ అమ్మాయి కాస్త గట్టిగా గాలి వీస్తే పడిపోయేలా ఉంది. కమ్మరి కూతురు. కాళ్ళకున్న చెప్పులు రెండూ ఒక జతవి కావు. కంగారులో ఏవి తగిలితే అవి తొడుక్కుని వచ్చేసింది, పాపం.

"కూర్చోమ్మా," అన్నాడు డిటెక్టివ్.

"కూర్చునే తీరిక లేదు సార్. మా నాన్న లాకప్పులో ఉన్నాడు. మ్యూజియంలో ఒక పాత కత్తికి పిడి ఊగుతోందని బాగుచెయ్యమని ఇచ్చారు. తిరిగిచ్చాక, ఇది మాది కాదు, కొత్తది అంటున్నారు. మా నాన్నేమో అసలుది తనే అమ్మేశానని ఒప్పేసుకున్నాడు."

"ఎవరికి అమ్మాడట?"

"అదడిగితే నోరు విప్పడు. పక్కవాడి మేకు కూడా ముట్టని మనిషి సార్! ఆ కత్తి పాతదేనని మీరు తేల్చండి. పాతదైతే ఇంక దొంగతనమెక్కడిది?"

సహాయకుడు అప్పటికే లేచి గొడుగు తీసుకున్నాడు. లావుపాటి మనిషి, వెన్నలాంటి మనసు. తన గురువుగారు తేరిపార చూస్తే రాయి కూడా నిజం చెప్పేస్తుందని అతని నమ్మకం.

మ్యూజియం అధికారి కత్తిని తెల్లగుడ్డ మీద పెట్టాడు. అతని బొటనవేలికి కట్టుంది.

"వేలికేమైంది?"

"ఇదే తెగ్గోసింది. ఇన్నేళ్ళూ అద్దాల పెట్టెలో ఉన్నప్పుడు కాగితం కూడా కోసి ఎరగదు. అనుమానం అక్కడే మొదలైందండీ."

డిటెక్టివ్ భూతద్దంతో చాలాసేపు చూశాడు. పిడిని కాస్త వేడిచేస్తే, లోపల కత్తిని పట్టి ఉంచే లక్క తీగలా సాగింది. కత్తిని బయటికి లాగాడు. ఇన్నాళ్ళూ పిడిలో దాగున్న తోక మీద కూడా, బయట ఉన్నంత తుప్పే ఉంది. అదే రంగు, అదే మందం.

"పాతదే కదా సార్?" అంది కూతురు. ఆ గొంతులో ఎంత ఆశ ఉందంటే, సహాయకుడు ఆమె వైపు చూడలేక కిటికీ వైపు తిరిగాడు.

"కాదమ్మా. నిన్నమొన్నటిది."

ఆమె తలుపు వైపు నడిచింది.

అక్కణ్ణించి కొలిమికి వెళ్ళారు. ఆమె తమ్ముడు ఎడమచేత్తో సుత్తి ఎత్తి గడ్డపార మొన సాగదీస్తున్నాడు. వీళ్ళని చూసి కూడా ఆపలేదు.

"ఆ కత్తి పిడి ఎవరు విప్పారు బాబూ?"

"నాన్నే."

"నువ్వు చూశావా?"

"పక్కనే ఉన్నాను."

"అదేమిట్రా!" అంది అక్క. "ఆ రోజు నాన్న బొగ్గులు తేవడానికి పోయి సాయంత్రానికి గదా వచ్చాడు!"

"నీకన్నీ తెలుసు మరి! నోరు మూసుకో అక్కా," అన్నాడు వాడు. సుత్తి దెబ్బ ఈసారి ఇనుము మీద కాక కిందున్న దాగలి దిమ్మ మీద పడింది.

మర్నాడు పొద్దున అందరినీ ఆ కొలిమి దగ్గరే కూర్చోబెట్టాడు డిటెక్టివ్. అధికారి కత్తిని తెల్లగుడ్డలో చుట్టి తెచ్చి పరిచాడు. ముసలి కమ్మరిని కానిస్టేబుల్ వెంటబెట్టుకొచ్చాడు. పెద్దాయన కూతురి వైపు చూడలేదు, కొడుకు వైపు అసలు చూడలేదు.

"పాత లక్క పెళుసెక్కి పొడిపొడిగా రాలుతుంది," అని మొదలుపెట్టాడు డిటెక్టివ్. "ఇది సాగింది. తుప్పు గాలి తగిలినచోట ఎక్కువగా, పిడి లోపల తక్కువగా పడుతుంది. ఇక్కడ అంతటా సమానంగా ఉంది, అంటే ఎవరో కావాలని పట్టించారు. తరతరాలు సాన పట్టిన కత్తి అరిగి సన్నబడుతుంది. ఇది ఎక్కడా అరగలేదు. పైగా చక్కటి పదునుంది. తుప్పు పట్టించినవాడికి మొండి కత్తిని చేతిలోంచి బయటికి పంపడానికి మనసొప్పలేదు. దొంగ వ్యాపారి అలా చెయ్యడు. పని నేర్చినవాడే చేస్తాడు."

"నేనే చేశాను," అన్నాడు ముసలాయన.

"మీరు కుడిచేతివాటం పెద్దాయనా. సుత్తి ఏ చేత్తో పడితే ఆ వైపు లోతుగా దిగుతుంది. ఈ దెబ్బలన్నీ ఎడమచేతివి. అవి ఎవరివో మీరూ పోల్చుకున్నారు. అందుకే నేరం నెత్తినేసుకున్నారు."

తమ్ముడు లేచి, బొగ్గుల గుట్ట తవ్వి గోనెగుడ్డ మూట తీశాడు. అందులో కత్తి, రెండు ముక్కలుగా.

"అమ్ముకోలేదు," అన్నాడు. "లక్క కరగాలని తోక నిప్పుల్లో పెట్టాను. ఎవరో పిలిస్తే అటు తిరిగాను. చూసేసరికి కత్తంతా ఎర్రబడిపోయింది. ఎర్రటి ఇనుము కనపడితే నా చెయ్యి ఆగదు సార్, నీళ్ళలో ముంచేస్తుంది. ముంచేశాను. ఠప్పుమంది."

"నాన్నతో చెప్పొచ్చు కదరా!" అంది అక్క.

"చెప్తే ఇంక జన్మలో సుత్తి ముట్టుకోనిస్తాడా?"

అధికారి ఆ ముక్కలని చేతుల్లోకి తీసుకుని, పగిలిన అంచులు కలిపి చూసి, మళ్ళీ విడదీశాడు. "దీన్ని ఎవరూ తిరిగి తేలేరు. కేసు ఆపడం నా చేతుల్లో లేదు," అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. కోపమైనా ఉంటే బాగుండేది.

కానిస్టేబుల్ ముసలాయన్ని వదిలి కుర్రాడి భుజం పట్టుకుని జీపెక్కించాడు. జీపు కదిలింది. కూతురు డిటెక్టివ్ ముందు నిలబడింది.

"నాన్నని విడిపించమని మీ దగ్గరికొచ్చాను సార్. విడిపించారు." అని వీధి వైపు తిరిగింది.

సహాయకుడు మొదటిసారి తన గురువుగారిని మెచ్చుకోలేదు. తల దించుకుని గొడుగు బొత్తాం పెడుతూ నిలబడ్డాడు.

ముసలాయన తెల్లగుడ్డ మీది కొత్త కత్తిని అందుకుని, అంచు మీద బొటనవేలు అడ్డంగా ఆడించాడు.

"పాతదీ కొత్తదీ అని కాకుండా, ఊరికే కత్తిలాగా చూస్తే ఎలా ఉంది బాబూ?"

"చాలా మంచి కత్తి పెద్దాయనా. ఇంత మంచిది నేను చూడలేదు."

"నాకూ అలాగే అనిపించింది," అన్నాడు ముసలాయన. "ఆ మాట వాడితో అనలేదు."

గబగబా వీధిలోకి నడిచాడు. జీపు అప్పటికే మలుపు తిరిగిపోయింది.