రెండో పరిశీలన

ఊరికే వచ్చే సరుకుకే దొంగలెక్కువ. దానంగా వచ్చిన చక్రాల కుర్చీలను సేవాసంస్థలకు పంచే ముందు, అడిగినవాళ్లు నిజమైనవాళ్లో కాదో చూసి రావడం ఆ కుర్రాడి ఉద్యోగం. అందులో అతను నేర్చుకున్న సూత్రం ఒకటే: బోర్డు పెద్దదైతే లోపల సరుకు తక్కువ.

ఈ సంస్థకు అసలు బోర్డే లేదు. పాత టైర్ల కొట్లో అడుగుపెడితే గదంతా ఖాళీ. మూలన ఒక గాలిపంపు, పక్కనే పానా పట్టుకుని ఒక అమ్మాయి.

"ఇరవై కుర్చీలున్నాయని రాశారు. ఒక్కటీ లేదే?"

"లేకపోవడమే కదండీ మా పని!"

"అంటే?"

"అన్నీ రోగుల ఇళ్లలో తిరుగుతున్నాయని. కొట్లో సరుకు పేరుకుపోతే బేరం లేనట్టు కాదూ?"

"దొంగ సంస్థల గదులు కూడా ఖాళీగానే ఉంటాయి మేడమ్."

పానా నేలకు తగిలిన చప్పుడుకి అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమె స్కూటర్ బయటికి తీసి, "ఎక్కండి" అంది.

ఇంటింటికీ తిప్పింది. ఒక రిటైర్డ్ మాస్టారు కుర్చీలో గిర్రున తిరిగి చూపించి, "ఎవరమ్మా ఇతను, పెళ్లికొడుకా?" అన్నారు.

"కాదు మాస్టారూ, పోలీసు."

దారిలో వాన పట్టుకుంది. ఒకే రేకు కింద, ఎవరి పక్క వాళ్లు తడుస్తూ నిలబడ్డారు. నవ్వకూడదని ఇద్దరూ గట్టిగానే ప్రయత్నించారు.

చివరి ఇల్లు ఒక టైలరమ్మది. నడుము పడిపోయి మంచం దిగి నెలలైంది. ఆమెకు కుర్చీ ఇంకా అందలేదు.

"ఈ కిటికీలోంచి సగం వీధే కనబడుతుంది బాబూ. మిగతా సగం ఎలా ఉందో!"

"వస్తుంది పిన్నీ, నీ కుర్చీ వస్తుంది," అంటూ ఆ అమ్మాయి అతని వైపు చూసింది. ఆ చూపుకు ఖరీదు కట్టడం అతని వల్ల కాలేదు. బేరమైనా ఆడకుండా మనసు అప్పగించేశాడు.

వారం తిరిగేసరికి ఆమె సుడిగాలిలా ఆఫీసుకు వచ్చింది.

"మా ఫైలు రెండో పరిశీలనకి పంపారట! అనుమానం ఉన్నవాళ్లవేగా అలా పంపేది? ఊరంతా తిప్పి చూపించానే!"

"అనుమానం మీ మీద కాదండీ."

"మరెవరి మీద?"

"నా మీద."

"అర్థమయ్యేట్టు చెప్పండి."

"అడిగినవాళ్లు మనకు కావాల్సినవాళ్లయితే ఆ ఫైలు మనం చూడకూడదు. ఇక్కడి రూలు."

"నేను మీకేమవుతానట?"

"ఇప్పటికి ఏమీ కారు. అయితే బాగుండునని ఆ వాన రోజు నుంచి అనిపిస్తోంది. అలాంటివాడి చేతిలో తక్కెడ ఎటు మొగ్గుతుందో తెలిసిందేగా. రేపెవరైనా వేలెత్తి చూపితే మీ కుర్చీలు పోతాయి."



అప్పుడే లోపలి గది తలుపు తెరుచుకుంది. ఆఫీసంతా చాటుగా 'జల్లెడ' అని పిలుచుకునే పెద్ద మేడమ్ వచ్చింది. ఆవిడ కన్నుగప్పి నూకగింజ కూడా జారదు.

"ఆ ఇళ్లన్నీ నిన్న నేనే తిరిగొచ్చానమ్మా. అడిగిన కుర్చీలన్నీ మంజూరు. రేపే లారీ వస్తుంది. ఇక మీ ఇద్దరి సంగతి మీరు తేల్చుకోండి, కాస్త మెల్లగా."

ఆవిడ లోపలికి వెళ్లగానే ఆ అమ్మాయి బల్ల మీద కూలబడి, గుండె నిండా ఊపిరి పీల్చుకుంది.

"పిన్నికి ఏం చెప్పాలోనని నిన్నటి నుంచి ముద్ద దిగలేదు నాకు. ముందే ఓ మాట చెప్పొచ్చుగా!"

"ఏమని? మీరంటే ఇష్టం, అందుకే మీ ఫైలు వదిలేస్తున్నాననా?"

"ఆ! అచ్చం అలాగే!" అంది. వెంటనే చెంపలు ఎర్రబడి, నవ్వు దాచుకోవడానికి తల తిప్పుకుంది.

అటు తిరిగే, "రేపు లారీ దించడానికి మనుషులు కావాలి. కూలి ఇవ్వను" అంది.

"భోజనం?"

"అమ్మ పెడుతుంది. మీవాళ్లెవరు, ఎక్కడివాళ్లు, అన్నీ ఆరా తీస్తుంది కూడా. నేను అడ్డురాను."

"తీయనివ్వండి. పొద్దున్నే వచ్చేస్తా."

"పిన్ని కుర్చీ మాత్రం మనిద్దరమే తీసుకెళ్లాలి."

మనిద్దరం! అతని లెక్కలో అసలు సరుకు అప్పుడే ముట్టింది. మిగతాదంతా కొసరు.