మేనమామ చదివిన వ్యాసం

తెల్లవారి నమాజు ముగించుకుని నస్రుల్ ఇంటిముందు చెక్కమెట్ల మీద కూర్చున్నాడు. మరాపి కొండ మీద మబ్బు ఇంకా విడలేదు. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని ఫోన్‌లో ఏదో చదువుతున్నాడు. చివరిదాకా చదివి, మళ్ళీ మొదటికి వెళ్ళి ఇంకోసారి చదివాడు.

వంటింట్లో ఆయన భార్య యుస్నీ జిగట బియ్యం ఆవిరి మీద పెట్టి, అరటిపండ్లు పిండిలో ముంచి నూనెలో వేస్తోంది.

"విర్దా, మీ నాన్నకి కాఫీ ఇచ్చి రావే. ఆ ఫోన్లోకి తలకాయ పూర్తిగా దూరిపోకముందే."

విర్దా నవ్వుతూ గ్లాసు అందుకుంది. ఆమెకి ఇరవై నాలుగేళ్ళు. ఊరి బడిలో కాంట్రాక్టు టీచరు. అదే బడిలో నస్రుల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. రిటైరైన కొత్తలో ఏం తోచక, స్నేహితుల కోసం ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టాడు. దాని పేరు 'కాఫీకి ముందు'. రోజుకి ఒక్కటే వ్యాసం పంపుతాడు. మన ఆచారాల గురించో, మారిపోతున్న ఊళ్ళ గురించో ఎవరో ఆలోచించి రాసినది. తను పూర్తిగా చదవనిది పంపడు. కింద ఒక్క ప్రశ్న రాస్తాడు. అందరూ దాన్ని చదువుకుని కాఫీ కొట్టు చేరేసరికి మాట సిద్ధంగా ఉంటుంది.

విర్దాకి అది గొప్ప పనిలా కనిపించేది. పెళ్ళిళ్ళలో పారేసే అన్నం గురించి నాన్న ఒక వ్యాసం పంపాక, ఊళ్ళో మిగిలిన కూరలు ఆకుల్లో కట్టి ఇళ్ళకి పంపడం మొదలైంది. నేతపని గురించి పంపిన రోజున, కాఫీ కొట్టులో అందరికంటే గట్టిగా మాట్లాడే మార్లిస్ ఇంటికి పోయి, ముసలి తల్లి పక్కన కూర్చుని, ఆమె నేసే పువ్వుల పేర్లు అడిగి తెలుసుకున్నాడట. నాన్న ఎవరికీ నీతులు చెప్పలేదు. ఒక ప్రశ్న అక్కడ పెట్టి, తన కాఫీ తను తాగేవాడు.

"ఇవాళ దేని గురించి నాన్నా?"

"మేనమామల గురించి. విను." ఆయన చదివాడు. "వెనకటి రోజుల్లో మేనమామ అక్కచెల్లెళ్ళ ఇంట్లో పిల్లల మధ్య కూర్చునేవాడు. ఏ పిల్లకి ఏం భయమో ఆయనకి తెలిసేది. ఇప్పుడు పెళ్ళినాడు వచ్చి నడిమధ్య చాప మీద కూర్చుంటున్నాడు. ఫోటోలో మాత్రం తప్పకుండా ఉంటున్నాడు." చదవడం ఆపి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కింద తన ప్రశ్న రాశాడు: 'మీ మేనకోడలు ఇప్పుడు దేనికి బెంగపడుతోందో మీకు తెలుసా?'

విర్దా ఫోన్ వైపు వంగి చూసింది. "ఇది పంపుతారా? గ్రూపులో మామయ్య కూడా ఉన్నాడు కదా."

"ఉంటే ఏమైందమ్మా? చదువుతాడనేగా చేర్చాను."

పంపేశాడు.

విర్దా మేనమామ ఖైదిర్ ఆ వంశానికి పెద్ద. అందరూ ఆయన్ని దాతుక్ అంటారు. ఈ కొండ పల్లెల్లో ఇల్లూ పొలమూ ఆడవాళ్ళవే. భర్త భార్య ఇంటికొచ్చి ఉంటాడు. పిల్లల పెళ్ళి మాట మాట్లాడేది మాత్రం మేనమామే. విర్దా సంబంధం కుదిర్చింది ఖైదిరే. శుక్రవారం నాడు వరుడి వాళ్ళతో గుర్తులు మార్చుకోవాలి. ఈ వంశం తరఫున ఇవ్వాల్సిన గుర్తు, పాత వెండిపిడి బాకు, ఖైదిర్ దగ్గరే ఉంది. ఆయన చేత్తో ఇస్తేనే మాట నిలిచినట్టు.

పొద్దెక్కగానే ఖైదిర్ వాకిట్లోకి వచ్చాడు. మెట్టు మీద కాలు పెట్టలేదు.

"అన్నయ్యా! పైకి రా, వేడివేడిగా తిందువుగాని," అంది యుస్నీ.

"పైకి ఎందుకమ్మా? పెళ్ళినాడే వస్తాలే, ఫోటో తీయించుకోడానికి!"

యుస్నీకి అర్థం కాలేదు. నస్రుల్ లేచి నిలబడ్డాడు. "దాతుక్ గారూ..."

"నస్రుల్!" అన్నాడు ఖైదిర్.

పెళ్ళయిన మగవాణ్ణి అత్తవారి ఊళ్ళో పేరుపెట్టి పిలవరు. పెళ్ళినాడు వచ్చిన బిరుదుతో సుతాన్ అంటారు. ముప్పై ఏళ్ళుగా ఖైదిర్ ఆ మాటే అన్నాడు. ఇవాళ ఆ పేరు చెంప మీద దెబ్బలా పడింది.

"కాఫీ కొట్టుకి వెళ్ళానయ్యా. నేను అడుగుపెట్టగానే అందరూ గ్లాసుల్లోకి చూస్తున్నారు. ఎవడూ తలెత్తడు. నాకు చెప్పాల్సిందేమైనా ఉంటే చెప్పే పద్ధతి తెలియని వాడివా నువ్వు?"

పద్ధతి అందరికీ తెలుసు. బావలూ బావమరుదులూ ముఖాముఖి తప్పు ఎంచుకోరు. పక్కవాడితో అంటున్నట్టో, వానని తిడుతున్నట్టో పక్కనుంచి అనాలి. అవతలివాడు అందుకోవాలి. ఒకసారి ఖైదిర్ మేకలు నారుమడిలో పడితే, నస్రుల్ తన పిల్లిని అరగంట మందలించాడు. మర్నాటికి మేకలకి కంచె వచ్చింది. అందుకే ఇవాళ్టి వ్యాసాన్ని కూడా ఖైదిర్ అలాగే అందుకున్నాడు. పిల్లి బదులు వ్యాసం. ఈసారి ఊరంతా వినేలా.

"నేను మీ గురించి అనుకుని పంపలేదు."

"మరెవరి గురించి? మన గ్రూపులో శుక్రవారం మేనకోడలి మాట మాట్లాడబోయే మేనమామ ఇంకెవడున్నాడు?"

నస్రుల్ నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. ఆ మౌనం ఖైదిర్‌కి ఒప్పుకోలులా కనిపించింది.

"మేనమామ పనికిరానివాడైనప్పుడు బాకు కూడా పనికిరాదు. శుక్రవారం మీరే మాట్లాడుకోండి." వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయాడు.

యుస్నీ జల్లిగరిటెతోనే భర్తవైపు తిరిగింది. "చల్లగా ఉందా ఇప్పుడు? పిల్ల పెళ్ళి నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఏమిటండీ మీకీ వ్యాసాల పిచ్చి? లోకంలో భర్తలు చేపలు పడతారు, చుట్టలు తాగుతారు. నా ఖర్మకి మీరు ఆలోచిస్తారు!"

"యుస్నీ, నా మాట విను."

"వినను. అన్నయ్య రాకపోతే వరుడి వాళ్ళు ఇంటి గడప తొక్కుతారా? ముందు ఆ గ్రూపు మూసెయ్యండి."

ఆయన వాదించలేదు. ఫోన్ తీసి, తను పెట్టిన గ్రూపులోంచి తనే బయటికి వచ్చేశాడు. టోపీ పెట్టుకుని, "సోలోక్ వెళ్ళొస్తాను," అని మెట్లు దిగాడు.

"చూశావా! ఇల్లు అంటుకుంటే మీ నాన్న అక్కగారింటికి షికారు," అని యుస్నీ కొంగుతో కళ్ళొత్తుకుంది.

కాసేపటికి వంటింటి గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది. మార్లిస్.

"వదినా, సుతాన్ గ్రూపులోంచి వెళ్ళిపోయాడేం? కొట్టులో అందరం దిక్కులేని పిల్లల్లా కూర్చున్నాం. ధరల గురించి మాట్లాడుకుంటున్నాం, అంతకంటే హీనం ఇంకేముంది?"

"మీరందరూ కలిసే ఆయన్ని చెడగొట్టారు. మా అన్నయ్యని నడివీధిలో నిలబెట్టించారు."

మార్లిస్ ముఖంలో నవ్వు పోయింది. "దాతుక్‌ని అన్నాడనుకుంటున్నారా? అయ్యో వదినా, ఆయన పద్ధతి మీకు తెలియదా? తనకి గుచ్చుకోనిది ఒక్కటీ మాకు పంపడు. నిన్న సాయంత్రం కొట్టులో తల దించుకుని కూర్చున్నాడు. అక్కగారి కూతురు హెల్మికి బిడ్డ పుట్టి నెల దాటిందట. కాన్పు కష్టమై ఆ పిల్ల చాలా రోజులు ఆసుపత్రిలో ఉందట. ఈయనకి నిన్న ఎవరో ఫోటో చూపిస్తే తెలిసింది. 'నేనూ ఒక ఇంటికి మేనమామనే మార్లిస్, ఆ పిల్ల ఎంత భయపడిందో నాకు తెలియదు' అన్నాడు. ఆ ప్రశ్న ఆయన తనకి తను వేసుకున్నది."

యుస్నీ పొయ్యి పక్కన పీట మీద కూలబడింది.

ముప్పై ఏళ్ళుగా ఆయన ఈ ఇంటి అల్లుడు. ఈ ఇంటి కప్పు బాగుచేశాడు, ఈ ఇంటి పిల్లలకి చదువు చెప్పాడు. ఇంకో ఇంట్లో ఆయన కోసం ఎదురుచూసే మేనకోడళ్ళు ఉంటారని ఆమెకి ఎప్పుడూ తట్టనే లేదు. హెల్మి పెళ్ళికి వెళ్దామంటే నారు పోతలని ఆపింది తనే.

"మరి అన్నయ్యతో ఆ మాట చెప్పొచ్చుగా?"

"ఎలా చెబుతాడు? తన ఇంటి సంగతి అత్తింటి వాకిట్లో విప్పుకుంటాడా? సిగ్గు కాదూ?"

విర్దా గిన్నెలో అన్నం, కొబ్బరిపాలలో ఇగరబెట్టిన రెండాంగ్ మాంసం, కర్రపెండలం ఆకు కూర సర్దింది. మేనమామ ఇంటికి మేనకోడలు అన్నం మోసుకెళ్ళడం ఉన్న మర్యాదే. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఖైదిర్ తన భార్య ఇంట్లో, పెరటి అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. వంశానికి పెద్ద అయినా ఆ ఇంట్లో ఆయనా అల్లుడే. ఇక్కడ ఆయన గొంతు కూడా చిన్నదిగా ఉంటుంది.

"మీ అమ్మ పంపిందా?"

"లేదు మామయ్యా. నేనే వచ్చాను."

అన్నం వడ్డించింది. ఎదురుగా కూర్చుని, హెల్మి సంగతి మార్లిస్ చెప్పినట్టే చెప్పింది. ఆమె అంత సేపు ఆయన ముందు మాట్లాడటం అదే మొదలు.

ఖైదిర్ చాలాసేపు ముద్ద కలుపుతూనే ఉన్నాడు. "అంటే అది నన్నన్నది కాదన్నమాట." ఆయన భుజాలు తేలికపడ్డాయి. "ముందే ఆ మాట చెప్తే సరిపోయేదిగా! సరే, శుక్రవారం వస్తానని మీ అమ్మతో చెప్పు."

అంతటితో పని అయిపోయింది. విర్దా గిన్నె తీసుకుని లేవాలి. లేచింది కూడా. గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది.

"మామయ్యా, నాన్న రాసింది మీ గురించి కాదు. కానీ చదువుతుంటే నాకు మీరే గుర్తొచ్చారు."

ఖైదిర్ చెయ్యి కంచంలో ఆగిపోయింది. విర్దా పక్కనుంచి అనాల్సిన మాటని, పెద్దవాడి ముందు, ఎదురుగా నిలబడి అనేసింది. తిడతాడేమోనని ఎదురుచూసింది.

"ఏమిటమ్మా నీ బెంగ?" అన్నాడాయన చివరికి. ఆ గొంతు ఆమె ఎప్పుడూ వినని గొంతు.

"మీరు పెట్టిన పెళ్ళి వారంలోనే నా పర్మనెంటు ఉద్యోగం పరీక్ష. సంబంధం నాకు ఇష్టమే మామయ్యా. పరీక్ష రాశాక పెళ్ళంటే బాగుండేది. నాన్నని అడిగాను. అది మామయ్య మాట, ఆయన్నే అడుగు అన్నారు. మీరు వస్తారని చూశాను. రాలేదు." ఇక ఆపుకోలేక ఏడ్చేసింది.

"పిచ్చిపిల్లా, ఇంత దూరం నడిచి అన్నం తెచ్చావు, ఈ మాట ముందే తేలేకపోయావా?" అనబోయి ఆగాడు ఖైదిర్. తన ఇంటికీ చెల్లెలి ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క పొలం గట్టు. దాన్ని దాటాల్సింది ఎవరో ఆయనకి తెలుసు.

సాయంత్రం నస్రుల్ బస్సు దిగి వచ్చేసరికి ఖైదిర్ అప్పటికే వచ్చి ఇంటి లోపల ఉన్నాడు. నడిమధ్య చాప మీద కాదు. వంటింటి పక్కన, విర్దా ఎదురుగా, పరీక్ష పుస్తకం చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. "ఇవన్నీ నువ్వు నేర్చుకున్నావా? నాకైతే పేజీ నంబర్లు తప్ప ఒక్కటీ అర్థం కావడం లేదు," అంటున్నాడు.

నస్రుల్ గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"రండి సుతాన్," అన్నాడు ఖైదిర్ లేస్తూ. "పొద్దున పేరు పెట్టి పిలిచాను. తప్పయింది. పిల్లిమీద పెట్టి చెప్పడానికి నాకు పిల్లి లేదు. అందుకే నేరుగా చెబుతున్నాను."

నస్రుల్ నవ్వబోయాడు, నవ్వు రాలేదు. ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"శుక్రవారం బాకు తీసుకుని వస్తాను. పెళ్ళి మాత్రం పరీక్ష అయ్యాకే. వరుడి మేనమామతో నేను మాట్లాడతాను. వాడికి మీ వ్యాసం పంపాను, వాడూ మేనమామే కదా, కాస్త నిద్ర పట్టకుండా ఉండనీ."

"పరీక్షా?" యుస్నీ కూతురివైపు తిరిగింది. "ఇంట్లో ఉండి నాకెందుకు చెప్పలేదే?"

విర్దా తల వంచుకుంది. "నువ్వు పెళ్ళిబట్టలూ వంటలూ అడిగావమ్మా. అది అడగలేదు."

యుస్నీ కూతురి తల తన భుజానికి ఆనించుకుంది. తర్వాత భర్త దగ్గరికి వచ్చింది. బస్సు దుమ్ముతో ఆయన ముఖం మాసిపోయి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ముప్పై ఏళ్ళలో ఆయన సోలోక్ వెళ్ళొచ్చిన కొద్దిసార్లలో తను ఒక్కసారైనా మంచినీళ్ళిచ్చి అక్కడి వాళ్ళ సంగతి అడిగిందో లేదో గుర్తు రాలేదు.

"హెల్మి ఎలా ఉంది?"

"లేచి తిరుగుతోంది. నన్ను చూసి ఒక్క మాట అనలేదు. బిడ్డని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది."

"మగపిల్లాడా, ఆడపిల్లా?"

"ఆడపిల్ల."

"పేరు?"

నస్రుల్ కళ్ళు నిండాయి. "ఇంకా పెట్టలేదట. తన మేనమామ వచ్చి పెడతాడని హెల్మి ఆగిందట."